స్వయంశుద్ధి సిద్ధాంతం

రామబ్రహ్మం గారు తొమ్మిదో అంతస్తు కారిడార్ చివర, కిటికీ గట్టు మీద జానెడు పొడవున్న నల్లగాజు పలకను పెట్టి రెండేళ్లు దాటింది. పలకకు పైన గోడకు అంటించిన కాగితం మీద ఆయన గుండ్రని చేతిరాతలో 'శాస్త్రీయ పరిశీలన జరుగుతున్నది. దయచేసి కదపరాదు' అని ఉండేది. మణికొండలోని ఆ అపార్ట్‌మెంట్‌లో కాపురముండేవాళ్లు చాలామంది పగలంతా హైటెక్ సిటీలోనో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో కంప్యూటర్ల ముందు గడిపేవాళ్లు. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు వాళ్లు ఆ కాగితాన్ని ఓసారి చదివి, మళ్లీ ఫోనులోకి తల దించుకునేవారు. పలకను ఎవరూ కదపలేదు. అదేమిటని అడిగినవాళ్లూ లేరు.

కాకినాడ ప్రభుత్వ కళాశాలలో ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పిన మనిషి ఆయన. భార్య నాగేశ్వరి వైద్యం కోసం ఈ నగరానికి వచ్చారు. ఆస్పత్రికి దగ్గరగా ఉంటుందని కొన్న ఇల్లది. ఆమె పోయాక ఆస్పత్రితో పని తీరిపోయింది, ఇల్లు మాత్రం మిగిలింది. పిల్లలు లేరు. తంతులేవీ చేయించలేదు. ఆమె కళ్లు దానమిచ్చి, పదమూడో రోజున పుస్తకాల బీరువా సర్దుకుంటూ కూర్చున్నారు. ఆత్మ అనేదానికి ఆధారం లేదని ఆయన జీవితమంతా విద్యార్థులకు చెప్పారు. ఆ మాట మీదనుంచి ఇప్పుడూ జరగలేదు. కాకపోతే, ఆధారం లేకపోవడమనే సంగతి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అంతకుముందు ఆయనకు తెలియదు.

పాల ప్యాకెట్లు తెల్లవారేసరికి తలుపుకు తగిలించిన సంచిలో ఉండేవి. చెత్తబుట్ట బయట పెడితే ఖాళీ అయి మళ్లీ అక్కడే ఉండేది. ఆ పనులు చేసే మనుషులెవరో ఆయన ఎన్నడూ చూడలేదు. ఏడింటికి నిద్ర లేచే ఆయనకు లోకం అప్పటికే సిద్ధమై కనిపించేది. కొన్ని రోజుల్లో సాయంత్రం దాకా ఒక్క మాటైనా మాట్లాడే అవసరం వచ్చేది కాదు. అలాంటి రోజున ఫోను మోగితే గొంతు సవరించుకుని గానీ 'హలో' అనలేకపోయేవారు.

అటువంటి జీవితంలో కాస్త మారుతుండే వస్తువు ఆ పలక ఒక్కటే. ఎదురుగా ఐదారు టవర్లు ఒకేసారి లేస్తున్నాయి. ఖాజాగూడ గుట్టలవైపు రాళ్లు పగలగొట్టే చప్పుడు మధ్యాహ్నం దాకా వినిపిస్తుంది. ఇంత ధూళి ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నతో ఆయన పలక మీద ఒక చదరపు సెంటీమీటరు గడి గీశారు. ప్రతి నెలా ఒకటో తేదీన పలకను తుడవడం, ఆ తర్వాత నెలంతా ముట్టకుండా, రోజూ సాయంత్రం ఐదింటికి భూతద్దంతో ఆ గడిలో పడిన రేణువులను లెక్కించడం: ఇదీ పద్ధతి. లెక్క రోజురోజుకూ పెరగాలి. నెలాఖరుకు గడి నిండిపోవాలి.

పెరగలేదు. ముప్పై, ముప్పై ఐదు, నలభై. నెల పొడుగునా అక్కడక్కడే తిరిగింది. ఎప్పుడైనా ఒకటి రెండు రోజులు పెరిగితే మర్నాడు మళ్లీ పడిపోయేది. ప్రతి ఆదివారం కొంచెం లేచేది. సెలవునాడు జనసంచారం ఎక్కువ గనుక అలా జరుగుతుందని రాసుకున్నారు. ఒక సెప్టెంబరులో మాత్రం పదకొండు రోజులు వరుసగా ఎక్కుతూ పోయి ఆరువందల పదికి చేరింది. దానికి పడమటి గాలిని, ఎదురుగా జరిగిన పునాది తవ్వకాన్ని కారణంగా చూపారు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆయన ఇంటి లోపల దుమ్ము దట్టంగా పేరుకునేది. నాగేశ్వరి ఫొటో ఉన్న అలమరా మీద వేలితో గీస్తే గీత పడేది. తలుపుకు అవతల, గాలికి తెరిచి ఉన్న కారిడార్‌లో దుమ్ము ఉండదు, మూసుకున్న ఇంట్లో ఉంటుంది! ఈ వైరుధ్యాన్ని విప్పడానికి ఆయనకు ఎనిమిది నెలలు పట్టింది. దగ్గర్లోని చెరువు మీదనుంచి వచ్చే రాత్రిగాలి గుట్టలకు తగిలి పైకి లేచి, ఎత్తైన కారిడార్ల గుండా వేగంగా పోతూ ధూళిని తనంతట తానే ఊడ్చుకుపోతున్నదని తేల్చారు. మూసిన గదుల్లో గాలి కదలదు గనుక అక్కడ ధూళి నిలుస్తుంది. ఇరవై రెండు పేజీల నివేదిక తయారైంది. దానికి 'ఎత్తైన నడవాల్లో ధూళి స్వయంశుద్ధి' అని పేరు పెట్టారు.

ఆ నివేదికను చదివిన మొదటి మనిషి, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి రాకేశ్. ముప్పై ఐదేళ్లుంటాయి. ఏదో కంపెనీలో టీమ్ లీడ్. ఒక సాయంత్రం లిఫ్టు దగ్గర భూతద్దంతో వంగి ఉన్న ఆయన్ను చూసి ఆగాడు.

"సార్, రోజూ చూస్తున్న, ఏంది సార్ ఇది? బంగారం దొరుకుతుందా ఏంది?"

రామబ్రహ్మం గారు చెప్పారు. మొదట రెండు వాక్యాల్లో ముగిద్దామనుకున్నారు, ఇరవై నిమిషాలు పట్టింది. రాకేశ్ విన్నాడు. నివేదిక ఇమ్మని అడిగి తీసుకెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత తలుపు కొట్టి నవ్వుతూ నిలబడ్డాడు.

"గ్రాఫులు కిరాక్ ఉన్నయ్ సార్! మన కమిటీల ఎప్పటినుంచో లొల్లి. హౌస్‌కీపింగ్ మనుషులు ఎక్కువైన్రు, మెయింటెనెన్స్ ఎక్కువైందని అందరు ఒకటే గోల. మీ రిపోర్ట్ ఏం జెప్తుంది? పై ఫ్లోర్లు సెల్ఫ్ క్లీనింగ్ అని! అంటే ఆరు నుంచి పైకి వారంల రెండుసార్లు ఊడిస్తే సాలు. ఇద్దర్ని తగ్గించొచ్చు. వచ్చే ఆదివారం మీటింగుల మీరే ప్రజెంట్ చెయ్యాలె సార్. మీరు మన బిల్డింగ్ సైంటిస్టు."

ఆ చివరి మాటకు ఆయన చెవులు వేడెక్కాయి. పదవీ విరమణ తర్వాత ఆయన్ను ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. 'ఇద్దర్ని తగ్గించడం' అనే మాట చెవిన పడకపోలేదు. అది పరిపాలన విషయం, తనది పరిశీలన అనుకున్నారు. మూడేళ్లుగా తీయని తెల్లచొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చారు.

సమావేశానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, ఆయనకు పరగడుపున రక్తపరీక్ష ఉంది. ఆరింటికల్లా ల్యాబులో ఉండాలని ఐదూ నలభైకే తలుపు తీశారు. కారిడార్‌లో తడి ఫినాయిల్ వాసన. చివర కిటికీ దగ్గర నీలం యూనిఫాం చీరలో ఒక స్త్రీ, కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. పక్కన బకెట్టూ మాపూ. ఆమె ఎడమ చేతి రెండు వేళ్లతో ఆయన పలకను అంచు దగ్గర అదిమిపట్టి, కుడిచేతిలోని గుడ్డతో పైనుంచి కిందికి ఒక్కసారి, పక్కకు ఒక్కసారి తుడిచింది. తర్వాత ముఖం దగ్గరగా పెట్టి నోటితో ఆవిరి ఊది, గుడ్డ పొడి అంచుతో మళ్లీ తుడిచింది. అలవాటైన చేతులు.

"ఏమండీ!" అన్నారాయన. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. "అయ్యో, సార్! గింత పొద్దుగాల లేసిండ్రు ఏంది?"

"మీరు... ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"తుడుస్తున్న సార్."

"అక్కడ కాగితం ఉంది కదా!"

"ఉంది సార్. నాకు సదువు రాదు గానీ, కింద సెల్లార్ల చేసే పింకీతోని సదివిపిచ్చుకున్న. కదపొద్దని రాసిండ్రంట గద. నేను కదపలే సార్, ఒట్టు. ఒక్కనాడు గూడ లేపలే, జరపలే. ఉన్నకాడనే తుడుస్తున్న."

రామబ్రహ్మం గారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. "రోజూనా?"

"రోజు సార్. నల్లది గద, నల్లదాని మీద దుమ్ము జల్దీ కొడ్తది. గింత పెద్దమనిషి పేపరు రాసి మరీ పెట్టుకున్నది, దుమ్ము పట్టి ఉంటే సూసెటోళ్లు ఏమనుకుంటరు? తుడిచేటోళ్లు లేరా అనుకుంటరు."

"ఎప్పటినుంచి?"

"మీరు పెట్టినకాడికెల్లి." ఆయన ముఖం చూసి ఆమెకు భయం వేసినట్టుంది. "తప్పయిందా సార్?"

 ఆయనకు ఇంకొక ప్రశ్న తోచింది. "ఆదివారాలు మీరు రారు. అవునా?"

"ఆదివారం నాకు సెలవు సార్."

"ఆషాఢంలో సోమ, మంగళవారాలు రెండు రోజులు రాలేదు."

"బోనాలు గద సార్. సూపర్‌వైజర్‌కు చెప్పే పోయిన."

"మొన్న సెప్టెంబరులో పదకొండు రోజులు."

ఆమె గుడ్డను రెండు చేతులా పట్టుకుంది. "మా అత్త సరోజమ్మ సచ్చిపోయింది సార్. పదకొండు దినాలు అయినంక అచ్చిన." మెల్లగా అంది: "నా నాగాలు రాసి పెట్టిండ్రా సార్ మీరు? గన్ని దినాలు గుర్తున్నయంటే రాసే ఉంటరు. మీరెప్పుడూ కనబడరు, లోపట ఉండి సూస్తున్నరా ఏంది?"

"లేదమ్మా, అది కాదు..." అన్నారు. ఏది కాదో చెప్పలేకపోయారు. ఎందుకంటే ఆయన రాసి పెట్టింది సరిగ్గా అదే.

"కంప్లెయింట్ ఇయ్యకుండ్రి సార్. ముందే మా మీద కత్తి ఏలాడుతుంది. నెలాఖరుకు ఇద్దర్ని తీసేస్తరంట. పైన అంతస్తులకు రోజు అక్కర్లేదు, గాలికే సాఫయితదని ఎవరో పెద్ద సారు కాయితం రాసిచ్చిండంట." ఆమె నవ్వబోయింది. "మాది ఖాజాగూడనే సార్. మా నాయిన ఆ గుట్టల్లనే రాళ్లు కొట్టిండు. గాలికి దుమ్ము అస్తదని ఎర్క గానీ, పోతదని నేనెప్పుడు ఇనలే."

"మీ పేరేమిటమ్మా?"

"భూలక్ష్మి సార్. కంప్లెయింట్లకైతే కాదు గద?"

కాదన్నారు. ఆ పెద్ద సారు నేనేనని మాత్రం అనలేదు. లిఫ్టు వచ్చింది. ఆయన ఎక్కి, తిరిగి నిలబడేసరికి ఆమె వంగి బకెట్టు ఎత్తుతూ కనిపించింది. తలుపులు మూసుకున్నాయి.

ఆ సాయంత్రం ఐదింటికి ఆయన భూతద్దం తీసుకెళ్లలేదు. పరిశీలన పుస్తకాలు మూడూ బల్లమీద పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో కూర్చున్నారు. ప్రతి ఆదివారానికీ ఒక చుక్క పెట్టారు. బోనాల దగ్గర రెండు, సెప్టెంబరులో పదకొండు. అవి కాక, కారణం దొరక్క 'వాతావరణ ప్రభావం' అని రాసి వదిలేసిన తేదీలు ఇంకో పందొమ్మిది ఉన్నాయి. అవి ఆమెకు జ్వరం వచ్చిన రోజులో, బస్సు దొరకనివో, ఇంట్లో ఏ పంచాయితీ పడ్డవో. ఆయనకు ఏ మనిషి గురించీ ఇంత వివరంగా ఎన్నడూ తెలియదు. ఆమె ముఖాన్ని మాత్రం ఇవాళ పొద్దున్నే మొదటిసారి చూశారు.

తలుపుకు అవతల ప్రతి ఉదయం నిలబడి ఆమె ఆయన వస్తువును ముట్టి, ఆవిరి ఊది, అది ఆయన పరువు అనుకుని తుడిచింది. ఇవతల ఆయన నిద్రపోతుండేవారు. వదిలేసిన ఏ వ్యవస్థయినా గందరగోళం వైపే సాగుతుందని ముప్పై నాలుగేళ్లు నల్లబల్ల మీద రాశారు. సొంత కారిడార్ రెండేళ్లపాటు ఎదురు దిశలో నడుస్తుంటే, దాన్ని ఎవరు నెడుతున్నారని అడగలేదు. గాలిని అడిగారు. చెరువును, గుట్టలను అడిగారు.

తలెత్తితే అలమరా కనిపించింది. ఫొటో గాజు మీద బూడిదరంగు పొర. కాకినాడలో వాళ్ల ఇల్లు రైలుకట్ట పక్కన. బొగ్గు నుసి ఎగిరి వచ్చేది. అయినా ఆ ఇంట్లో ఆయన పుస్తకాల మీద, సూక్ష్మదర్శిని మీద, చొక్కాల భుజాల మీద దుమ్ము చూసిన గుర్తు లేదు. అక్కడి గాలి శుభ్రమైనదని ఆయన నమ్మకం. హైదరాబాదు గాలి మంచిది కాదని ఈ నాలుగేళ్లలో ఎంతమందితో అన్నారో! ఇంట్లో దుమ్ము పేరుకోవడం ఏ తేదీన మొదలైందో ఆయనకు తెలుసు. దాన్ని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

శనివారమంతా ఆయనకు ఒకటే ఆలోచన. ఒంట్లో బాగాలేదని సమావేశానికి వెళ్లకుండా ఉండవచ్చు. నివేదికను రాకేశ్ చదువుకుంటాడు. ఆమె ఉద్యోగం పోతుంది, ఆయన సిద్ధాంతం మిగులుతుంది. లేదా నివేదికలో ఏదో సాంకేతిక లోపం ఉందని చెప్పి మర్యాదగా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఆమె పేరు రాదు, ఆయన పొరపాటు ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. రెండో దారి బాగా సౌకర్యంగా కనిపించింది. అందువల్లనే దాన్ని అనుమానించారు. తనకు అనుకూలమైన ఫలితాన్ని రెండుసార్లు పరీక్షించమని చెప్పింది తనే కదా.

ఆదివారం పదకొండింటికి క్లబ్ హౌస్‌లో నలభై మంది దాకా చేరారు. సమోసాలు తిరుగుతున్నాయి. రాకేశ్ తెరమీద మొదటి పేజీ వేశాడు. "మన సైంటిస్టు గారు మాట్లాడ్తరు," అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఇస్త్రీ చొక్కాలో రామబ్రహ్మం గారు లేచి తెర పక్కన నిలబడ్డారు.

"ఈ లెక్కలన్నీ నిజమైనవేనండీ. ఒక్క అంకె కూడా నేను మార్చలేదు," అని మొదలుపెట్టారు. "శీర్షిక తప్పు. ముగింపు తప్పు. ఇరవై రెండు పేజీల్లో నేను గాలి గురించి రాశాననుకున్నాను. కాదండీ. మన అంతస్తు ఊడ్చే భూలక్ష్మి అనే ఆవిడ ప్రతిరోజూ తెల్లవారకముందే నా పలకను తుడుస్తోంది. రెండేళ్లుగా. ఆ సంగతి నాకు మొన్న శుక్రవారం తెలిసింది."

 వెనక వరుసలో ఎవరో పగలబడి నవ్వారు. నవ్వు ముందుకు పాకింది. ఆయన ఎదురింటి ఉమాశ్రీ, భీమవరం అమ్మాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అంటే సార్, రెండేళ్లూ మీరు పనావిడ హాజరు పట్టీ రాశారాండీ?" అంది.

"అవునమ్మా," అన్నారాయన. "అదే రాశాను. చాలా కచ్చితంగా రాశాను. దానికి భూతద్దం కూడా వాడాను."

ఈసారి నవ్వు ఇంకా పెద్దదిగా వచ్చింది. ఆయన అది తగ్గేదాకా ఆగారు.

"సెప్టెంబరు పేజీ వేస్తారా రాకేశ్ గారూ? ఆ గీత చూడండి. వాళ్లింట్లో చావు జరిగి పదకొండు రోజులు ఆవిడ రాలేదు. ముప్పై ఐదు రేణువులు ఆరువందల పది అయ్యాయి. మన తొమ్మిదో అంతస్తు దుమ్మంటే అదండీ, ఆ పదకొండు రోజులే. మిగతా పేజీల్లో ఉన్నది దుమ్ము లెక్క కాదు, ఆవిడ. నా నివేదిక చూపించి ఎవరినైనా తీసెయ్యాలనుకుంటే, ముందు నివేదికను తీసెయ్యండి."

వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చప్పట్లు పడలేదు. రాకేశ్ తల గోక్కుని, "పరేషాన్ చేసిన్రు గద సార్," అన్నాడు. ఎవరో వారానికి నాలుగుసార్లు చాలదా అన్నారు. ఇంకెవరో సెల్లార్‌లో పార్కింగ్ గొడవ ఎత్తారు. చివరికి ఇద్దరినీ ప్రస్తుతానికి ఉంచడమనీ, సంక్రాంతి దాటాక మళ్లీ చూడడమనీ రాసుకున్నారు. భోజనాల వేళకు హాలు ఖాళీ అయింది. బయటికి పోతూ ఒకాయన ఇంకొకాయనతో 'సెల్ఫ్ క్లీనింగ్' అని నవ్వడం వినిపించింది. ఇకమీదట తన పేరు అదే కావచ్చు. 'సైంటిస్టు' పన్నెండు రోజులు నిలిచింది.

సోమవారం ఆయన అలారం పెట్టుకుని లేచారు. ఐదూ నలభైకి తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డారు. చెప్పవలసిన క్షమాపణను రెండు వాక్యాలుగా కుదించి పెట్టుకున్నారు. సర్వీస్ లిఫ్టు తెరుచుకుంది. భూలక్ష్మి బకెట్టు దించి, మాపు పిండి, దూరపు గోడ దగ్గర మొదలుపెట్టింది. ఆయన్ను చూసి తలూపింది.

"మీటింగుల నా ముచ్చట చెప్పిండ్రంట సార్. సూపర్‌వైజర్ ఫోన్ చేసిండు."

"చెప్పాను. అంతకుముందు ఆ కాగితం రాసిచ్చింది కూడా నేనేనమ్మా."

మాపు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. "ఎర్కనే సార్. ఆ ముచ్చట గూడ చెప్పిండు."

"నన్నేమీ అనవా?"

"ఏమంట సార్? మీకు ఎర్కలేకుంటుండె. ఎవలికి ఎర్క?" కిటికీ దాకా వచ్చి, గుడ్డ తీసి పలక వైపు చూసింది. "ఇగ దీన్ని తుడవాల్నా, వద్దా?"

పరిశీలన కొనసాగాలంటే వద్దనాలి. "మీ ఇష్టం," అన్నారు.

"దుమ్ము కనబడుతుంటే చెయ్యి ఊకుండదు సార్." పైనుంచి కిందికి ఒకసారి, పక్కకు ఒకసారి తుడిచింది. ఆవిరి ఊదింది. తర్వాత మాపు అందుకుని ఆయన వైపు వచ్చింది.

సిద్ధం చేసుకున్న రెండు వాక్యాలు ఆయన నోటిదాకా వచ్చాయి.

"జర లోపటికి జరుగుండ్రి సార్, తడి చేస్తున్న."

ఆయన వెనక్కి జరిగారు. మాపు గుమ్మం అంచు వెంబడి, ఆయన పాదాలకు జానెడు దూరంలో, ఎడమనుంచి కుడికి పోయింది. ఆమె ఎనిమిదో అంతస్తుకు దిగిపోయాక కూడా ఆయన అక్కడే, గడపకు ఇవతల నిలబడ్డారు. దాటితే అడుగుల ముద్రలు పడతాయి. తడి ముందు గోడ అంచుల దగ్గర ఆరింది, తర్వాత మధ్యలో. ఆఖరి తేమ మరక ఆరడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆయన లోపలికి వెళ్లి, ఇంట్లో గుడ్డ ఎక్కడ ఉంటుందో వెతకడం మొదలుపెట్టారు.